అంచు విడిచి నడుమకు: శ్రీమతి రజియా సుల్తానా గారి ముప్పయి ఏడేళ్ల సేవ

క్రీస్తుశకం 1989వ సంవత్సరం జూలై నెల పదిహేడవ తేదీ సోమవారం ఉదయం, వికారాబాదు పట్టణంలోని మలేరియా ప్రయోగశాలలో శ్రీమతి రజియా సుల్తానా గారు రక్తపరీక్షల సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆ గదిలో అప్పుడు ఒక సూక్ష్మదర్శిని, ఒక బల్ల, రెండు కుర్చీలు ఉండేవనీ, ఆ కుర్చీల్లో ఒకదానికి మూడు కాళ్లేననీ వారే పలుమార్లు సెలవిచ్చారు. 2026 జూన్ ముప్పయ్యవ తేదీన, తాండూరులోని మా గర్భిణీ మలేరియా టీకా పరిశోధన కేంద్రం నుంచి ప్రధాన పరీక్షకురాలి హోదాలో వారు పదవీ విరమణ పొందుతున్నారు. ఈ రెండు తేదీల మధ్య వారి కంటి కిందుగా ఎన్ని వేల గాజు పలకలు సాగిపోయాయో తేల్చి చెప్పే పని, గణాంక విభాగంలో ఉన్న పాపానికి, ఈ వ్యాసకర్త నెత్తిన పడింది. తొలి పదేళ్ల రిజిస్టర్లు చెదల పాలైనందున, పెద్ద సంఖ్య ఒకటి చెప్పి చప్పట్లు కొట్టించుకునే భాగ్యం ఈ సన్మాన సంచికకు లేదు. ఆ సంఖ్య లేకపోయినా చెప్పవలసింది చాలానే ఉంది.

రజియా గారి స్వస్థలం తాండూరు. తండ్రి యూసుఫ్ గారు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో మేస్త్రీ. రాయి తీసి వదిలేసిన గనుల్లో వాననీరు నిలవడం, ఆ నీటిలో దోమలు పెరగడం, గనుల చుట్టూ ఉన్న గుడిసెల్లో చలిజ్వరాలు రావడం వారు పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతులు కావు. ఆ జ్వరంతో ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకొని వణికిన బాల్యం వారిది. ఇంటర్మీడియట్ అనంతరం హైదరాబాదులో ప్రయోగశాల శిక్షణ పొంది, ఇరవై నాలుగవ యేట ఉద్యోగంలో చేరి, ఇరవై సంవత్సరాల పాటు ప్రతిదినం తాండూరు నుంచి వికారాబాదుకు పాసింజరు రైలులో వెళ్లివచ్చారు.

ఆనాటి నుంచే వారికొక పద్ధతి ఉంది. ఏ స్లైడునైనా రెండుసార్లు చూస్తారు. రెండవసారి చూసేటప్పుడు అవతలి కొస నుంచి మొదలుపెడతారు. మొదటిసారి రాసిన ఫలితం కంటపడకుండా దాని మీద కాగితం కప్పి ఉంచుతారు. "మేడమ్, గింతసేపు చూస్తే గాజు అరిగిపోతది" అని తోటివారు ఆటపట్టిస్తే, "అరిగితే కొత్తది తెస్తరు. మనిషి పోతే తెస్తరా?" అని కసురుకునేవారట. వారి మాట కరుకు. కరుకుదనాన్ని క్రమశిక్షణ అని రాయడం అభినందన వ్యాసాల ఆనవాయితీ. పదిహేనేళ్లుగా దాన్ని స్వయంగా అనుభవించినవాడు గనుక ఈ వ్యాసకర్త కరుకుదనమనే రాస్తున్నాడు.

1994 అక్టోబరులో పెద్దేముల్ మండలానికి చెందిన శంకరమ్మ అనే ఇరవయ్యేళ్ల కూలి యువతి, తొలిచూలు ఏడవ నెలలో జ్వరంతో వికారాబాదు వచ్చింది. ఆమె వేలి రక్తాన్ని రజియా గారు తమ పద్ధతి ప్రకారం రెండు కొసల నుంచీ చూశారు. మలేరియా క్రిమి ఒక్కటైనా కనబడలేదు. 'లేదు' అని రాశారు. వారం తిరగకముందే శంకరమ్మకు నొప్పులు వచ్చాయి. పుట్టిన బిడ్డలో ప్రాణం లేదు. సంగతి తెలిసి రజియా గారు ఒక గాజు పలక పట్టుకొని కాన్పుల వార్డుకు నడిచారు. బిడ్డతో పాటు బయటపడిన మావిని, అంటే మన పల్లెల్లో మాయ అనేదాన్ని, ఒక్కసారి చూడనివ్వమని అడిగారు. శంకరమ్మ అత్తగారు మండిపడింది.

"పిల్ల పాయె. ఇగ మాయ గూడ కావాల్నా నీకు? నీకు దిల్ లేదా?"

"ఒక్క చుక్క, అమ్మా. చూసి నీ చేతికే ఇస్త" అని రజియా గారు అక్కడే నిలబడ్డారు. ఎందుకు పట్టుబట్టారో తమకే తెలియదని తర్వాత చెప్పారు. ఆ చుక్క రక్తాన్ని పలక మీద పరిచి చూస్తే, కన్ను పెట్టిన ప్రతి చోటా క్రిములే. వేలి రక్తంలో ఒక్కటీ లేని క్రిములు మావి నిండా తిష్ఠ వేసుకొని ఉన్నాయి. ఈ సంగతి శంకరమ్మకు చెప్పనవసరం లేదని పెద్దలు వారించినా, రజియా గారు వెనక్కి వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడి చెప్పారు.

"ఏం లేదని నువ్వే రాస్తివి గదా అక్కా" అంది శంకరమ్మ. "మరి గిన్ని యాడ దాసుకున్నయి?"

 ఆ సాయంత్రం రైల్లో తాండూరు చేరేదాకా రజియా గారు ఏడ్చారనీ, ఎదుటి సీటులో కూర్చున్న పరిచయం లేని ఆవిడ ఏమీ అడగకుండా బత్తాయి వలిచి చేతిలో పెట్టిందనీ వారే ఒక మధ్యాహ్న భోజన సమయంలో చెప్పారు. వారి సేవాకాలమంతటికీ మూలం ఆ ఒక్క ప్రశ్న అని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ సంచిక చదివే కుటుంబసభ్యుల కోసం ఇక్కడ రెండు మాటలు వివరించవలసి ఉంది. గర్భవతి శరీరంలో ప్రవేశించిన మలేరియా క్రిమి మావిలో గోడను పట్టుకొని దాక్కుంటుంది. అందువల్ల వేలి రక్తంలో తరచూ దొరకదు. కడుపులోని బిడ్డకు అందవలసిన ఆహారాన్ని మాత్రం లోపలి నుంచే అడ్డుకుంటుంది. తొలిచూలు తల్లికి ఈ ముప్పు ఎక్కువ. కాన్పులు పెరిగేకొద్దీ, ఆ క్రిమిని మావికి అంటుకోనివ్వని రక్షణ తల్లి రక్తంలో దానంతటదే పుడుతుంది. అనగా, మొదటి బిడ్డను పణంగా పెట్టిన తర్వాత గాని దక్కని రక్షణ అది. ఆ రక్షణను మొదటి గర్భానికి ముందే ఒక సూదిమందు రూపంలో ఇవ్వగలిగితే చాలుననేదే మా టీకా వెనుక ఉన్న ఆలోచన.

2009లో దర్శకురాలు డాక్టర్ అరుణాదేవి గారి సారథ్యంలో తాండూరులో మా కేంద్రం ఆరంభమైనప్పుడు, ఆ ఆలోచన వినగానే రజియా గారు బదిలీ కోరుకున్నారు. చేరిన వారంలోనే పెద్దేముల్ వెళ్లి శంకరమ్మను వెంటబెట్టుకొని వచ్చారు. అప్పటికి ఆమె నలుగురు బిడ్డల తల్లి. పరిశోధనకు కొంత రక్తం కావాలని చెప్పగా ఆమె చెయ్యి చాచి, "నలుగుర్ని గన్న రక్తం. ఊకెనే పారబొయ్యకుండ్రి" అని మాత్రం హెచ్చరించింది. ఎవరూ పారబోయలేదు. ఆమె రక్తద్రవం కలిపిన గాజుపాత్రలో క్రిములు మావి కణాలను పట్టుకోలేకపోయాయి. ఆ రోజు మా కేంద్రంలో పంచిన మిఠాయి శంకరమ్మకు చేరిందో లేదో అని రజియా గారు కనుక్కొన్న తర్వాతనే తాము తిన్నారు.

ఇక అసలు చిక్కు మావి సేకరణలో వచ్చింది. టీకా పనిచేసిందా లేదా అని తేలాలంటే కాన్పు తర్వాత మావిని పరీక్షించాలి. మన పల్లెల్లోనేమో మావిని ఇంటి వెనుక లోతుగా గొయ్యి తీసి, పసుపు కుంకుమలు చల్లి, ఆ రోజే పొద్దుగూకకముందు పాతిపెట్టడం ఆచారం. అది కుక్కల పాలైతే, పరాయి చేతుల్లో ఉండిపోతే, బిడ్డకు మంచిది కాదని నమ్మిక. టీకా ప్రయోగానికి ముందే ఊళ్లకు అలవాటు చేద్దామని తిరిగిన మొదటి ఆరు నెలల్లో మా వాళ్లకు దక్కినవి మావులు కావు, తిట్లు. అప్పుడు రజియా గారు ఊరూరా తిరిగి ఒక మాట ఇచ్చారు. "గోరంత ముక్క తీసుకుంట. మిగిలింది పొద్దుగూకకముందు మీ ఇంట్ల ఉంటది. ఉండకుంటే నా ఇంటి ముందట గూసోండ్రి." ఆ మాటతో తలుపులు తెరుచుకున్నాయి. గోరంత ముక్కను అంచు నుంచి తీయడం, మిగిలినదాన్ని మట్టికుండలో పెట్టి, మూత బిగించి, మా కేంద్రపు ఆటో నడిపే భీమప్ప చేత ఇంటికి పంపడం నియమమైంది.

ఆ నియమం ఎంత గట్టిదో తెలిపే సంఘటన ఒకటి ఇక్కడ స్మరించుకోవడం సముచితం. ఒకనాటి సాయంత్రం యాలాల్ దారిలో ఆటో మొరాయించింది. భీమప్ప చేతులెత్తేశాడు. రజియా గారు కుండను ఒడిలో పెట్టుకొని, అటుగా వచ్చిన బస్సును ఆపి ఎక్కేశారు. కండక్టరుకు కుండ మీద అనుమానం వచ్చింది.

"అమ్మా, గా కుండల ఏమున్నది?"

"ఒక ఇంటోళ్ల సొత్తు."

"ఎవలది? పేరేంది?"

"ఇంక పేరు పెట్టలె. పొద్దుగాలనే పుట్టింది."

 కండక్టరు వెళ్లి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. యాలాల్‌లో దిగేసరికి సూర్యుడు ఇంకా బెత్తెడు పైనే ఉన్నాడని రజియా గారు నేటికీ సగర్వంగా చెబుతారు.

2021లో టీకా ప్రయోగం మొదలైంది. ఇంకా గర్భం దాల్చని ఆరు వందల పన్నెండు మంది యువతులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. సగం మందికి అసలు టీకా, సగం మందికి ఆ మందు లేని మామూలు సూది. ఎవరికి ఏది వేశారో వారికీ తెలియదు, మాకూ తెలియదు. ఆ జాబితా సీలు వేసిన కవరులో ఉంటుంది. కాన్పులన్నీ అయి, మావులన్నీ చూసిన తర్వాతనే దాన్ని తెరుస్తారు. 2026 మార్చిలో కవరు తెరవాలని నిర్ణయమైంది. అప్పటికి రజియా గారి సర్వీసు ఇంకా మూడు నెలలుంటుంది. ముప్పయి ఏళ్ల కిందటి ప్రశ్నకు జవాబును ఉద్యోగంలో ఉండగానే వినాలన్నది వారి ఏకైక కోరిక. ఏనాడూ దేన్నీ కోరని మనిషి ఆ కోరికను దాచుకోలేదు. కవరు తెరిచే రోజు మంచి చీర కట్టుకొని వస్తానని కూడా అన్నారు.

2025 ఫిబ్రవరిలో, నాపరాళ్ల గనుల్లో పనికి కర్ణాటక నుంచి వచ్చిన ఒక కుటుంబంలో కాన్పు జరిగింది. కన్నడం వచ్చిన భీమప్ప వాళ్లతో మాట్లాడి వచ్చి, "వాళ్లకు ఈడ సొంత జాగ లేదంట మేడమ్. మాయను మీరే యాడన్న మంచిగ పాతిపెట్టమంటున్నరు" అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారిగా ఒక మావి పొద్దుతో పరుగు లేకుండా రజియా గారి బల్ల మీద తీరిగ్గా నిలిచింది. తీరిక దొరికితే ఊరుకునే స్వభావం వారిది కాదు. అంచు నుంచి ఒక ముక్క, నడుమ నుంచి ఒక ముక్క, బొడ్డుతాడు దగ్గర నుంచి ఒక ముక్క తీసి చూశారు. అంచు ముక్కలో ఏమీ లేదు. నడుమ ముక్కలో క్రిములున్నాయి.

రజియా గారు ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదు. తర్వాతి నెల రోజుల్లో, ఇంటివారిని అడిగి ఒప్పించి, మరి పదకొండు మావులను మూడేసి చోట్ల పరీక్షించారు. మూడింటిలో అదే తేడా. ముక్కను నడుమ నుంచి తీయాలని మా ప్రయోగ నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. నడుమ కోస్తే రంధ్రం కనబడుతుంది, కన్నతల్లి మనసు చివుక్కుమంటుంది, అంచున కోస్తే తెలియదు అని మా సిబ్బందికి నేర్పినవారు రజియా గారే. దర్శకురాలి నుంచి ఈ వ్యాసకర్త వరకూ ఆ పద్ధతి అందరికీ తెలుసు. అందులో మర్యాద తప్ప తప్పు ఎవరికీ కనబడలేదు. ఆ మర్యాద వల్ల నాలుగేళ్లలో నాలుగు వందల ముప్పయి ఒక్క మావులను మేము అంచున మాత్రమే చూసి, చాలావాటికి 'లేదు' అని రాసేశాము.

ఈ విషయం రజియా గారు మొట్టమొదట చెప్పింది ఈ వ్యాసకర్తకే. అప్పుడు నోరు మూసుకొమ్మని వారికి సలహా ఇచ్చిన ప్రబుద్ధుడు కూడా ఈ వ్యాసకర్తే. సన్మాన సంచికలో ఇటువంటిది రాయవచ్చునా అని సంపాదకవర్గం వారు సందేహించారు. రాయకపోతే ఈ వ్యాసం రాయడానికి వేరొకరిని చూసుకొమ్మని చెప్పవలసి వచ్చింది.

"మేడమ్, జర ఇనుండ్రి" అన్నాడు ఈ వ్యాసకర్త. "తప్పు జరిగితే రెండు దిక్కుల ఒక్కతీరే జరుగుతది. టీక ఏసినోళ్లకూ అంచే చూసినం, ఏయనోళ్లకూ అంచే చూసినం. లెక్కల ఇటుది అటు కొట్టుకపోతది. ఊకె పరేషాన్ గాకుండ్రి."

"ఒక్కతీరే అని నీకెట్ల తెలుసు యాకోబూ?"

"లెక్క గట్లనే ఉంటది మేడమ్."

"అరె, నీ లెక్క నాకు చెప్పకు. టీక సగం పనిచేసిందనుకో. పురుగులు తక్కువైతయి. తక్కువైనయి నడిమిట్ల దాసుకొని అంచుకు రాకుంటే? మనం అంచు చూసి, మస్తుగ పనిచేసిందని రాస్తం. దేశంల ఉన్న ఆడివిల్లలందరికీ అదే సూది ఏస్తరు. లోపల పురుగు లోపలనే ఉంటది. బిడ్డలు పోతయి. అప్పుడు నీ లెక్క ఎవలకు చెప్తవు?"

ఇరవై రెండేళ్లుగా గణాంకశాస్త్రం మీద బతుకుతున్న ఈ వ్యాసకర్తకు ఆ తర్కంలో లోపం దొరకలేదు. దొరకకపోయినా ఇంకొక మాట అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ఇది బయటపెడితే కవరు మీ సర్వీసుల తెరువరు మేడమ్. మీకే నష్టం." రజియా గారు కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకొని, దర్శకురాలి గదికి వెళ్లిపోయారు.

అరుణాదేవి గారు కూడా మొదట ఆ మాటే ఎత్తారట. "ఇంకా పదిహేను నెలల సర్వీసుంది మీకు. ఫలితం ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను రజియా గారూ. బాగా ఆలోచించుకోండి" అన్నారు. "సూది ఏసింది నా సర్వీసుకు గాదు మేడమ్, ఆ పిల్లలకు" అని రజియా గారు జవాబిచ్చారు. దర్శకురాలు ఆ రోజే, మా ప్రయోగాన్ని బయటి నుంచి తనిఖీ చేసే పర్యవేక్షణ సంఘానికి లేఖ రాశారు. ప్రయోగం ఆరు నెలలు ఆగింది. రాష్ట్రస్థాయి పురస్కారానికి రజియా గారి పేరు ప్రతిపాదిస్తూ సిద్ధమైన ఫైలు కూడా ఆగింది. సంజాయిషీ కోరుతూ తాఖీదు వచ్చింది. ఎవరి పేరును ఎక్కడ ఇరికించాలా అని మేమంతా పేజీలకు పేజీలు ముసాయిదాలు రాస్తూ ఉంటే, వారు మూడు వాక్యాల్లో సమాధానం పంపారు. "నడుమ కోయాలని నిబంధన ఉన్నది. అంచున కోయమని సిబ్బందికి చెప్పింది నేను. తప్పు నాది."

సంఘం విచారించి, పాత ఫలితాలను పక్కన పెట్టి, కొత్తగా మరికొందరు యువతులను చేర్చుకొని, ఇకపై మావి నడుమ నుంచే ముక్క తీసి ప్రయోగాన్ని కొనసాగించాలని ఆదేశించింది. కవరు తెరిచే తేదీ 2028 డిసెంబరుకు మారింది.  ఆ ఉత్తర్వు చదివిన వెంటనే రజియా గారు భీమప్పను పిలిచి, పెద్దేముల్ పోవాలె, ఆటో తీయమన్నారు.

ఎందుకంటే నడుమ కోయడానికి ఊళ్లు ఒప్పుకోవాలి. ఊళ్లు ఒప్పుకోకపోతే ప్రయోగమే ఉండదు. ఒప్పించే పని శంకరమ్మ ఇంటి నుంచి మొదలుపెట్టాలని వారు నిర్ణయించుకున్నారు. శంకరమ్మ చిన్నకోడలు నిరోషా టీకా ప్రయోగంలో ఉన్న యువతి. అప్పటికి ఆమెకు తొలిచూలు మూడవ నెల. ఈ వ్యాసకర్త కూడా వెంట వెళ్లాడు, అంకెలు అడిగితే చెప్పడానికి. ఎవరూ అడగలేదు. వాకిట్లో కందిపప్పు చెరుగుతున్న శంకరమ్మ ఎదుట కూర్చొని, ఇంతకాలం అంచు మాత్రమే చూశామనీ, అది సరిపోదనీ, ఇకపై నడుమ కోయాలనీ రజియా గారు దాపరికం లేకుండా చెప్పారు.

శంకరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "నాకు లేదని రాస్తివి. పోనీ, అప్పుడు నీకు తెల్వదు. ఇప్పుడు అన్ని తెలిసి గూడ లేదని రాస్తివా?"

"రాసిన."

"ఎందరికి?"

"మస్తుమందికి. నిజంగ ఎందరికి తప్పు రాసిన్నో నాకే తెల్వదు."

"గిది నువ్వే వచ్చి చెప్తున్నవా, ఎవలన్న పట్టుకున్నరా?"

"నేనే పట్టుకున్న."

 రజియా గారు బుజ్జగించే మాట ఒక్కటీ ఆడలేదు. లోపల గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నిరోషా భయంగా కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. అది చూసి శంకరమ్మ చేట కింద పెట్టింది.

"సరే. నడిమిట్లనే కోసుకో. నా కోడలుది మొదలు కోసుకో. గాని నడుమ బొక్క పెట్టి గట్లనే ఇస్తే ఎట్ల? బిడ్డను మోసిన మాయ అది. కోసినంక మల్ల కుట్టియ్యి."

ఈ వ్యాసకర్తకు నవ్వొచ్చింది. రజియా గారికి రాలేదు. "కుట్టిస్త" అన్నారు. మరునాటి నుంచే మా ప్రయోగశాలలో సూదీ దారమూ చేరాయి. ముక్క తీసిన చోట రెండు కుట్లు వేసి, మావిని శుభ్రంగా మూసి, కుండలో పెట్టడం రజియా గారు సిబ్బందికి స్వయంగా నేర్పారు. పరిశోధన నిబంధనల్లో ఎక్కడా లేని ఆ రెండు కుట్లను చూపించి ఊరూరా అడిగితే, కాదన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పర్యవేక్షణ సంఘం వారు తనిఖీకి వచ్చి ఇదేమిటని అడిగినప్పుడు, "మర్యాద సార్. గీసారి నడిమిట్ల ఉన్నది" అని భీమప్ప జవాబు చెప్పాడు.

2026 ఏప్రిల్ పదకొండవ తేదీ ఉదయం నిరోషాకు ఆడబిడ్డ పుట్టింది. బరువు మూడు కిలోలకు కాస్త తక్కువ. గొంతు మాత్రం కాన్పుల గదికి దూరంగా, వరండా ఈ చివర కూర్చున్న మాకు కూడా వినబడింది. రజియా గారు మావిని మూడు చోట్ల కోశారు, మూడు పలకలు చేశారు, ఒక్కొక్కదాన్ని రెండు కొసల నుంచీ చూశారు. అంతసేపూ శంకరమ్మ వరండాలో గోడకు చేరగిలి కూర్చుంది. టీ ఇచ్చినా తాగలేదు. ఫలితం రాసి సంతకం చేసిన తర్వాత, తల్లికి చెప్పవచ్చునన్న నిబంధన మేరకు నిరోషాకు చెప్పి, రజియా గారు బయటికి వచ్చి వరండాలో ఆమె పక్కనే కూర్చున్నారు. కుండ కోసం నిలబడి ఉన్న భీమప్ప, ఈ వ్యాసకర్త ఆ మాటలు విన్నారు.

"లేవు శంకరమ్మా. అంచున లేవు, నడిమిట్ల లేవు, బొడ్డుతాడు కాడ గూడ లేవు."

శంకరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడుపు తగ్గాక అడిగింది.

"మరి గిది టీకతోనా, దేవుని దయతోనా?"

"తెల్వదు. నీ కోడలుకు ఏ సూది ఏసిన్రో నాకూ తెల్వదు. కవరు తెరిస్తెనే తెలుస్తది."

"ఎప్పుడు తెరుస్తరు?"

"రెండేండ్లు దాటాలె."

"గప్పటిదాంక నువ్వు ఉంటవా?"

"ఉద్యోగంల ఉండ. వచ్చే జూన్‌ల దిగిపోతున్న."

"ఉద్యోగం సంగతి ఎవలడిగిన్రు? నువ్వు ఉంటవా అంటున్న."

 రజియా గారు శంకరమ్మ చేతిని తమ రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆపైన కుండ తీసి భీమప్పకు అందించి, పొద్దు చాలా ఉంది, నిమ్మళంగా పొమ్మన్నారు.

టీకా విజయవంతమైందని రాయగలిగి ఉంటే ఈ వ్యాసం మరింత ఘనంగా ముగిసేది. అబద్ధంగానూ ముగిసి ఉండేది. ఆ అబద్ధానికి మేమంతా ఎంత దగ్గరగా వెళ్లామో, మమ్మల్ని ఎవరు వెనక్కి లాగారో ఇక్కడ నమోదు చేయడమే వారికి మేము చేయగలిగిన సన్మానం. శాలువాలు, పూలదండలు, జ్ఞాపికలు సభలో వేరుగా ఉన్నాయి. పదవీ విరమణ వేళ పెద్దలకు ఆయురారోగ్యాలు కోరడం లోకమర్యాద. ప్రతి సంచికలో ఆ వాక్యం ఉంటుంది, ఎవరూ దాని దగ్గర ఆగరు. ఈ కేంద్రంలోని వారందరమూ ఈసారి దాని దగ్గర ఆగి, శంకరమ్మ అడిగిన అర్థంలోనే, మాటమాటనూ తూచి కోరుకుంటున్నాము. రజియా గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెదరని కంటిచూపుతో, తగ్గని కరుకుదనంతో నిండు నూరేళ్లు జీవింతురు గాక. 2028 డిసెంబరులో ఆ కవరు తెరిచే ఉదయం వారు మా నడుమ మంచి చీర కట్టుకొని కూర్చొని ఉందురు గాక. అందులో ఏమి రాసి ఉన్నా, శంకరమ్మకు వెళ్లి చెప్పవలసింది వారే.

— యాకోబు, గణాంక విభాగం